ముప్పై ఐదు వంతుల గుండె

జ్ఞానప్రకాశానికి గుండెపోటు వచ్చిన రోజున అతని వయసు ముప్పై నాలుగు. పంతొమ్మిది వందల తొంభై మూడు, ఫిబ్రవరి నెల, పొద్దటి షిఫ్టు.

పటాన్‌చెరులో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో అతను బాయిలరు ఆపరేటరు. అతని ఊరు లక్డారంలోని క్రైస్తవుల వాడ నుంచి ఫ్యాక్టరీలకు పోయేవాళ్లు అప్పటికే ముప్పై మంది దాకా ఉన్నారు. కానీ వాళ్లంతా డ్రమ్ములు దొర్లించేవాళ్లు, బస్తాలు మోసేవాళ్లు. పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చుకుని, దాన్ని అద్దం పటం కట్టించి గోడకు తగిలించుకున్నవాడు ప్రకాశం ఒక్కడే. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి ముందు నిలబడి ఎవరైనా పని గురించి అడిగితే, "ఆవిరి లేకుంటే ఫ్యాక్టరీ లేదు, ఆ ఆవిరి నా చేతిల ఉంటది" అనేవాడు. గర్వంగానే అనేవాడు. ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు.

ఆ రోజు ఎనిమిదిన్నరకు ఎడమ దవడ గుంజడం మొదలైంది. పంటి నొప్పి అనుకున్నాడు. కాసేపటికి అది మెడలోకి, భుజంలోకి, ఛాతీలోకి దిగింది. బొగ్గు వేసే యాదన్న పార ఆపి అతని ముఖంలోకి చూశాడు.

"ఏంది ప్రకాశం, గట్ల చెమట వట్టింది?"

"బాయిలరు కాడ చెమట వట్టక చలి వెడ్తదా?"

నవ్వబోయాడు కానీ ఊపిరి అందలేదు. యాదన్న పరుగున పోయి సోడా తెచ్చాడు. అది తాగితే తేన్పు వచ్చింది కానీ బరువు తగ్గలేదు. అయినా రెండో ఆపరేటరు వచ్చేదాకా ప్రెషరు ముల్లు మీద నుంచి కళ్లు తీయలేదు. అలా నలభై నిమిషాలు. ఆ తర్వాత యాదన్న అతన్ని రోడ్డు మీదున్న చిన్న దవాఖానాకు తీసుకుపోయాడు. అక్కడ పొట్ట నొక్కి చూసి, గ్యాసు అని సూది వేసి, ఇంటికి పోయి పడుకోమన్నారు. ముప్పై నాలుగేళ్లవాడు, చేతులు గడ్డపారల్లా ఉన్నవాడు, బీడీ కూడా తాగనివాడు. గుండె అనే మాట అక్కడ ఎవరి నోటా రాలేదు.

పదకొండు గంటల బస్సెక్కి ఇల్లు చేరాడు. తల్లి బక్కమ్మ వాము నీళ్లు కాచి తాగించి, వీపు రాసింది. భార్య సుకుమారి ఊరి బడిలో పంతులమ్మ. సాయంత్రం నాలుగున్నరకు బడి విడిచి ఇంటికొచ్చి చూస్తే మంచం మీద బూడిద రంగు ముఖంతో ఉన్నాడు. బనియను పిండితే నీళ్లు కారేలా ఉంది. పాదాలు ముట్టుకుంది. మంచులా ఉన్నాయి.

"అత్తా, ఇది గ్యాసు గాదు" అంది.

ఊళ్లో ఉన్న ఒకే జీపు అడిగి తెచ్చి, అతన్ని వెనక పడుకోబెట్టి, తల ఒళ్లో పెట్టుకుని హైదరాబాదు పెద్దాసుపత్రికి చేరేసరికి ఆరు దాటింది.

"నొప్పి ఎప్పుడు మొదలైంది?" అని అడిగాడు గుండె డాక్టరు. ఆయన పేరు నరసరాజు. నలభై ఐదేళ్లుంటాయి. తక్కువ మాట్లాడే మనిషి.

"పొద్దుగాల ఎనిమిదిన్నరకు సార్."

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. రక్తనాళంలో గడ్డను కరిగించే మందు ఒకటి ఉందనీ, దాన్ని మొదటి ఆరు గంటల్లో ఇస్తే గుండె కండ చాలావరకు మిగిలేదనీ సుకుమారికి తర్వాత తెలిసింది. ఆ ఆరు గంటల లెక్క ఆమెను చాలా ఏళ్లు వదల్లేదు. బడిలో పిల్లలతో ఎక్కాలు చెప్పించిన ఆ మధ్యాహ్నం అంతా ఇంట్లో మంచం మీద మనిషి గుండె కొంచెం కొంచెంగా చచ్చిపోతూ ఉంది.

ప్రకాశం బతికాడు. ఐదో రోజున డాక్టరు వచ్చి, అతన్ని పరీక్షగా చూస్తూ కనురెప్పల కింద వేలుతో తాకాడు. అక్కడ పసుపుపచ్చగా, శనగబద్దంత మచ్చలు రెండున్నాయి. తర్వాత దుప్పటి పైకి తీసి మడమల వెనక నరాలు నొక్కి చూశాడు. తాళ్లలా లావుగా, గడ్డలు కట్టి ఉన్నాయి.

"ఇవి ఎప్పటి నుంచి?"

"చిన్నప్పటి నుంచి ఉన్నయి సార్. మా నాయినకు గూడ ఉండె."

"మీ నాన్నగారు ఉన్నారా?"

"లేడు. నాకు ఎనిమిదేండ్లప్పుడు పోయిండు. జొన్న చేన్ల ఎండదెబ్బ తాకి."

డాక్టరు బక్కమ్మ వైపు తిరిగాడు. ఆమె మంచం కాళ్ల దగ్గర కింద కూర్చుని ఉంది.

"అమ్మా, అప్పుడాయన వయసెంత? ఆ రోజు ఏం జరిగిందో గుర్తుందా?"

బక్కమ్మ కొంగు కొస వేలికి చుట్టింది, విప్పింది.

"ముప్పై ఎనిమిది సారూ. ఎండదెబ్బ అని నేనే చెప్పిన అందరికి. ఆ దినం పొద్దుగాల లేవంగనే ఎద మీద బండ వెట్టినట్టున్నదే అన్నడు. పిట్టలు చేను తింటున్నయి, పనికి సోమరై గిట్ల అంటున్నవు అన్న. అంబలి తాగించి నేనే తోలిన చేన్లకు. పెద్ద పొద్దు గూడ ఎక్కలే. మంచె కింద పడి ఉండె."

ఇరవై ఆరేళ్లుగా ఆమె ఎవరికీ చెప్పని మాట అది. ప్రకాశం మంచం మీద నుంచి తల్లి వైపు చూస్తూ ఉండిపోయాడు. సుకుమారి ఆమె పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది.

ఆ ఇంటి మగవాళ్ల కథ ఒక్కొక్కటే బయటికొచ్చింది. ప్రకాశం పెదనాన్న నలభై ఒకటికి పోయాడు. తాత సంగతి ఎవరికీ తెలియదు, పడుచుతనంలోనే పోయాడని మాత్రం చెప్పుకునేవాళ్లు. రక్తపరీక్షలో ప్రకాశం కొలెస్ట్రాల్ నాలుగు వందల ఇరవై వచ్చింది. ఉండవలసినదానికి రెండింతలు. అది తిండి వల్ల వచ్చింది కాదనీ, తండ్రి నుంచి వచ్చిందనీ డాక్టరు చెప్పాడు. ఈ రోగం ఉన్నవాళ్ల పిల్లల్లో ఇద్దరిలో ఒకరికి వస్తుందనీ, అందరూ పరీక్ష చేయించుకోవాలనీ అన్నాడు.

ఇంటికి పంపే ముందురోజు ప్రకాశం అడిగాడు. సుకుమారి అక్కడే ఉంది.

"ఎన్నేండ్లు బతుకుత సార్? దాచకురి."

డాక్టరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"చూడు ప్రకాశం. మంచి గుండె ఒక్కో దెబ్బకు తనలోని రక్తంలో నూటికి అరవై వంతులు బయటికి నెడుతుంది. నీది ముప్పై ఐదు. చచ్చిన కండ మళ్లీ లేవదు, ఆపరేషను చేసినా లేవదు. నీలాంటివాళ్లను వందమందిని తీసుకుంటే పదేళ్ల తర్వాత సగం మంది ఉంటారని పుస్తకాల్లో ఉంది. కానీ ఆ పుస్తకాలు రాసింది అరవై ఏళ్లవాళ్లను చూసి. నీ వయసువాళ్ల లెక్క మా దగ్గర సరిగ్గా లేదు. నువ్వు ఏ సగంలో ఉంటావో చెప్పలేను."

"ఇగ నా చేతిల ఏం లేదా?"

"ఉంది. మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దు. రోజూ నడువు. బరువులెత్తకు. ఇంకోటి, మనసు కుంగనీయకు. కుంగినవాళ్లు త్వరగా పోవడం నేను చూశాను. అది ఏ పుస్తకంలోనూ చదవలేదు." లేచి నిలబడి మళ్లీ ఆగాడు. "నీకు తోడబుట్టినవాళ్లున్నారా?"

"తమ్ముడున్నడు సార్, దేవదానం."

"ఈ నెలలోనే తీసుకురా."

దేవదానానికి అప్పుడు ముప్పై ఏళ్లు. ఒక గోదాములో హమాలీ. అన్న కంటే జానెడు పొడుగు. నూరు కిలోల డ్రమ్మును ఒక్కడే లారీ మీదికి ఎత్తుతాడని పేరు. మోచేతుల మీద అతనికి గోలికాయల్లాంటి గడ్డలుండేవి. అవి బరువులు మోసి కాసిన కాయలని అతను చెప్పేవాడు, అందరూ నమ్మేవాళ్లు. ప్రకాశం కూడా నమ్మాడు. ఇప్పుడు ఆ మోచేతులు చూస్తే తన మడమల వెనక గడ్డలు గుర్తొచ్చాయి.

"తమ్మీ, ఒక్క సూది. జెర రక్తం దీస్తరు, అంతే."

"నాకేమైందన్నా? నువ్వు బాయిలరు వేడికి పాడైనవు. నేను గాలికి తిరిగేటోణ్ణి."

"నాయినకు బాయిలరున్నదా?"

అప్పుడు దేవదానం అసలు మాట చెప్పాడు.

"కాగితం మీద రోగమని రాస్తే మేస్త్రీ నన్ను రానిస్తడా? నిన్ను రానిచ్చిన్రా?"

ఆ మాట నిజమే. మూడు నెలల సెలవు తర్వాత ప్రకాశం ఫ్యాక్టరీకి పోతే బాయిలరు దగ్గరికి అడుగు పెట్టనివ్వలేదు. డాక్టరు ఇచ్చిన కాగితంలో తేలిక పని అని ఉంది. టూల్ రూములో కూర్చోబెట్టారు. పానాలు, సుత్తెలు అడిగినవాళ్లకు ఇచ్చి, సాయంత్రం తిరిగి తీసుకోవడం. మొదటి రోజు సైరను మోగగానే అతను అలవాటుగా బాయిలరు హౌసు వైపు నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగాడు. యాదన్న అది చూసి పార కింద పెట్టి అటు తిరిగి నిలబడ్డాడు. ఇంట్లో కూడా అంతే. బిందె పట్టుకుంటే సుకుమారి లాక్కునేది. ఏడేళ్ల కూతురు జయశీలను ఎత్తుకోబోతే బక్కమ్మ "వద్దు కొడుకా" అనేది. రాను రాను అతను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నాడు. మణికట్టు మీద వేళ్లు పెట్టి నాడి చూసుకోవడం కూడా.

అందుకే తమ్ముణ్ణి గట్టిగా అడగలేకపోయాడు. తనకు జరిగింది తమ్ముడికి జరగాలని ఎలా కోరతాడు? అడుగుతూనే ఉన్నాడు, వాయిదా వేస్తే ఒప్పుకుంటూనే ఉన్నాడు. ఒకసారి మార్త కాన్పు అయ్యాక అన్నాడు దేవదానం. మార్త అతని భార్య. కాన్పయింది, ఆడపిల్ల పుట్టింది, రూతు అని పేరు పెట్టారు. ఆ తర్వాత ఇల్లు కప్పించాక అన్నాడు. ఒక్కసారి మాత్రం బస్సెక్కి ఆసుపత్రి దాకా వచ్చాడు. పరీక్షల కిటికీ ముందు వరుస చూసి, "గిందరు రోగిష్టోళ్ల నడుమ నిలవడ్తే నాకు నిజంగనే రోగమొస్తది" అని నవ్వి, అన్నకు చాయ్ తాగించి వెనక్కి తీసుకొచ్చాడు.

తొంభై ఐదు మార్చిలో మళ్లీ అడిగాడు ప్రకాశం.

"ఈస్టరు పండుగ కానీ అన్నా. ఆ సోమవారం పోదం. ఒట్టు."

"సరే" అన్నాడు ప్రకాశం.

ఈస్టరుకు పది రోజుల ముందు, పగలు పన్నెండు గంటలకు, లారీ నుంచి ఆరో డ్రమ్ము దించి దేవదానం దాని మీదే చెయ్యి ఆనించి నిలబడ్డాడు. పక్కవాడు నీళ్లు కావాలా అని అడిగాడు. కావాలన్నట్టు తలూపాడు. పక్కవాడు చెంబు పట్టుకుని తిరిగొచ్చేసరికి నేల మీద ఉన్నాడు. ముప్పై రెండేళ్లు.

టూల్ రూముకు కబురొచ్చినప్పుడు ప్రకాశం చేతిలో ఎవరికో ఇవ్వబోతున్న పానా ఉంది. కబురు తెచ్చినవాడు "మీ ఇంట్ల..." అని ఆగిపోయాడు. తల్లికేదో అయిందనుకున్నాడు ప్రకాశం. తమ్ముడని చెప్పాక కూడా, ఒక నిమిషం పాటు, వీళ్లు పొరబడ్డారు, పోవలసినవాణ్ణి నేను కదా అనుకున్నాడు. ఆ సంగతి చాలా కాలం తర్వాత సుకుమారికి తనే చెప్పాడు.

సమాధుల దొడ్డిలో తండ్రి సొలొమోను పక్కనే దేవదానాన్ని పెట్టారు. పాస్టరు వాక్యం చదివారు. మన్ను వేసి అందరూ ఇళ్లకు పోయారు. మూడో రోజున, ఇంటి ముందు బంధువులంతా కూర్చుని ఉండగా, మార్త లోపలి నుంచి వచ్చి ప్రకాశం ఎదురుగా నిలబడింది. ఆమెకు ఇరవై ఆరేళ్లు. నాలుగేళ్ల కొడుకు, చంకలో ఏడాదిన్నర రూతు.

"నువ్వు పోతవన్నరు బావా" అంది. గొంతులో కోపం కూడా లేదు. "రెండేండ్లు అందరం నీకోసమే ఏడ్చినం. ఆయన నీకోసం ఉపవాసమున్నడు. పోయేటోడివి నువ్వున్నవు. ఆయన పోయిండు."

ఎవరో ఆమెను లోపలికి తీసుకుపోయారు. ప్రకాశం లేచి నడుచుకుంటూ పొలాల వైపు పోయాడు. బక్కమ్మ కర్ర పట్టుకుని వెనకాలే పోయింది. కొడుకు గట్టు మీద కూర్చుంటే తనూ కూర్చుంది.

"ఈస్టరు తరువాత అన్నడవ్వా. నేను సరే అన్న. చెయ్యి వట్టి గుంజుకపోవాల్సింది."

"నేను అంబలి తాపి తోలిన గదా మీ నాయినను" అంది బక్కమ్మ. "ఇన్నేండ్లు మోసిన కొడుకా. మోసినందుకు ఆయన రాలే. నా నడుము వంగింది గంతే. నువ్వు మొయ్యకు. నీది మొదలే సగం గుండె."

అతను విన్నాడు కానీ ఆ మాట లోపలికి పోలేదు. ఆ నెల నుంచే మాత్రలు మానేశాడు. పొద్దున మూడు, సాయంత్రం రెండు. ఎవరూ చూడకుండా పెరటి మట్టిలో పూడ్చేసేవాడు. పని నుంచి వచ్చి గోడకానుకుని కూర్చునేవాడు. నడక మానాడు. గుడికి పోవడం కూడా మానాడు. నలభై రోజులకు పాదాలు వాచాయి, నాలుగడుగులకే ఆయాసం వచ్చేది. రోగం ముదిరిందనుకుంది సుకుమారి. ఒక ఆదివారం పెరట్లో బెండ విత్తనాలు పెడదామని మట్టి తవ్వితే తెల్లగా, నానిపోయి, గుప్పెడు మాత్రలు తేలాయి.

ఆమె వాటిని కొంగులో ఏరుకొచ్చి అతని ముందు పోసింది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు.

"నీ పాణం నీ ఇష్టం అనుకుంటున్నవు గదా. సరే. రూతు మోచేతులు సూసినవా?"

అతను తలెత్తాడు.

"నాకూ తెల్వదు, ఉన్నదో లేదో. ఇద్దర్ల ఒకరికి అన్నడు డాక్టరు. ఇంట్ల నలుగురు పెద్దలున్నా ఆ మాట గుర్తువెట్టుకున్నది నువ్వు, నేను. మార్త నా మాట వినది. నువ్వు గూడ పోతే ఆ పిల్లలకు సూది ఎవరు ఏపిస్తరు?"

అతను నీళ్లు అడిగాడు. ఆ పూట మాత్రలు వేసుకున్నాడు.

ముందు తన కూతురికి రక్తపరీక్ష చేయించాడు. జయశీలకు రోగం లేదని వచ్చింది. ఆసుపత్రి మెట్ల మీద సుకుమారి కూతురిని గుండెకు హత్తుకుని గట్టిగా ఏడ్చింది. ఇంటికొచ్చాక మాత్రం ఇద్దరూ ఆ సంగతి పైకి అనలేదు. పక్కింట్లోనే మార్త ఉంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అతను మార్త గడప ముందు కూర్చోవడం మొదలుపెట్టాడు. లోపలికి పోయేవాడు కాదు. ఏమీ అడిగేవాడు కాదు, మొదట్లో. పిల్లలు వచ్చి ఒళ్లో కూర్చునేవాళ్లు. నాలుగో ఆదివారం మార్త చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టింది.

"ఏం గావాలె బావా?"

"పిల్లలను ఒక్కసారి డాక్టరుకు సూపెడ్త."

"రోగమని తెలిస్తే ఏం జేస్తరు? ఇంత పిల్లకు మాత్రలిస్తరా? పెండ్లి ఎవరు జేసుకుంటరు దాన్ని? తెల్వకుంటేనే మంచిగుంటది."

"తెల్వకుంటే మంచిగుంటదని వాడు గూడ అన్నడు మార్తా."

ఆమె గడప మీదే కూలబడి ఏడ్చింది. భర్త పోయిన తర్వాత ఆమె అంత ఏడవడం అదే మొదటిసారి అని బక్కమ్మ అంది. వారం తర్వాత, చెప్పకుండా, పిల్లలిద్దరికీ ఉతికిన బట్టలు వేసి బస్సు దగ్గరికి తీసుకొచ్చింది.

పిల్లవాడికి లేదు. రూతుకు ఉంది. రెండేళ్లు నిండని పిల్లకు మూడు వందల ఎనభై.

అంత చిన్నపిల్లకు ఆ రోజుల్లో ఇచ్చే మందు లేదు. ఏడాదికోసారి తీసుకురమ్మనీ, పదేళ్లు దాటాక మాత్ర మొదలుపెడదామనీ డాక్టరు నరసరాజు అన్నాడు. "దీని తండ్రికి, తాతకు దొరకనిది దీనికి దొరికింది. ముందే తెలిసింది" అన్నాడు. మార్తకు ఆ మాట ఓదార్పుగా వినపడలేదు. కానీ ఏటా వచ్చింది. ఏటా ప్రకాశం వెంట వచ్చాడు.

అతను ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. ఆ ఏళ్లు ఎలా గడిచాయో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పొద్దున్నే లేచి ముత్తంగి వైపు రోడ్డు మీద నడక. ఉప్పు లేని కూర. టూల్ రూము. సాయంత్రం జయశీల లెక్కలు, పక్కింటి పిల్లల లెక్కలు. మునుపటిలా గుడిలో గొంతెత్తి పాడలేకపోయేవాడు, ఊపిరి చాలేది కాదు. పెదవులు కదిపేవాడు. జబ్బు సంగతి దాచుకోవడం మాత్రం పూర్తిగా మానేశాడు. పానా కోసం వచ్చినవాడు ఛాతీ రుద్దుకుంటే చాలు, పని ఆపి అడిగేవాడు. "దవడ గుంజుతున్నదా? చెయ్యి లాగుతున్నదా? గ్యాసనకు, పో." కొంతమంది నవ్వేవాళ్లు. చాదస్తం పట్టిందనేవాళ్లు.

తొంభై తొమ్మిదిలో యాదన్నకు నొప్పి వచ్చింది. అప్పుడతనికి యాభై దాటాయి. ప్రకాశం మేనేజరు గది తలుపు తట్టకుండా లోపలికి పోయి, ఆయన కారే అడిగి, యాదన్నను ఎక్కించి, దారంతా డ్రైవరును తొందరపెట్టి గంటన్నరలో ఆసుపత్రికి చేర్చాడు. మందు ఇచ్చారు. యాదన్న గుండె దాదాపు చెక్కుచెదరలేదు. ఆరు వారాలకు మళ్లీ పార పట్టాడు. పనిలోకి వచ్చిన రోజు టూల్ రూము ముందు నిలబడి, "ఆనాడు నేను నీకు సోడా తెచ్చిన ప్రకాశం" అన్నాడు.

"నీకేం తెలుసు, నాకేం తెలుసు యాదన్నా" అన్నాడు ప్రకాశం.

రెండు వేల మూడు నుంచి గుండె అలిసిపోవడం మొదలైంది. పాదాల వాపు దిగేది కాదు. రెండు దిండ్లు, తర్వాత మూడు దిండ్లు పెట్టుకుంటే గానీ పడుకోలేకపోయేవాడు. ముప్పై ఐదు ఇరవై ఐదుకు, ఇరవైకి దిగింది. డాక్టరుకు కూడా జుట్టు తెల్లబడింది. "నేను చెప్పిన పదేళ్లు దాటేశావు" అన్నాడు ఒకసారి. ప్రకాశం సంతోషించలేదు. "మా తమ్ముని ఏండ్లు గూడ నాకే వడ్డయి కావచ్చు సార్" అన్నాడు. డాక్టరు కాగితం మీద రాస్తున్నది ఆపి, కాసేపు కిటికీ బయటికి చూసి, మళ్లీ రాయడం మొదలుపెట్టాడు.

రూతుకు పదకొండో ఏట మాత్ర మొదలైంది. మొదటి నెల ఆ పిల్ల మింగనని మొండికేస్తే, రోజూ ప్రకాశం తన మాత్రలు పట్టుకుని పక్కింటికి పోయి, "నాయి అయిదు, నీది ఒకటే. ఎవరు జల్దీ మింగుతరో సూద్దం" అనేవాడు. ఎప్పుడూ ఆ పిల్లే గెలిచేది.

రెండు వేల ఆరు, ఆగస్టులో ఒక శనివారం. మధ్యాహ్నం అన్నం తిని, వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. వాన వెలిసి ఎండ కాస్తోంది. బక్కమ్మ కొంచెం అవతల చింతపండు పిక్కలు తీస్తోంది. జయశీల డిగ్రీ పరీక్షలకు చదువుతోంది. కాసేపటికి బక్కమ్మ ఏదో అడిగింది. జవాబు రాలేదు. నిద్రపోయాడనుకుని మరో నాలుగు పిక్కలు తీసింది. ఆ తర్వాత లేచి వచ్చి, కొడుకు ముఖం చూసి, మనవరాలిని పిలవకుండా, అతని తల తన కడుపుకు ఆనించుకుని అలాగే నిలబడింది. లోపలి నుంచి సుకుమారి వచ్చేదాకా నిలబడే ఉంది. ప్రకాశానికి నలభై ఏడేళ్లు.

సమాధి మీద పెట్టే రాయికి ఏం రాయించాలని పాస్టరు అడిగితే, ఏ వాక్యమైనా సరేనంది సుకుమారి. బక్కమ్మ ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది. భర్తను, ఇద్దరు కొడుకులను సాగనంపిన ఆమె గుండెకు ఏ జబ్బూ లేదు. చూడవచ్చినవాళ్లతో, "నాది ఆగదు బిడ్డా, దీనికి బుద్ధి లేదు" అనేది.

ప్రకాశం పోయిన నెలకు రూతు పరీక్ష తేదీ వచ్చింది. సుకుమారి ఇంట్లోంచి కదలడం లేదు. ఆ రోజు పొద్దున్నే మార్త వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"అక్కా, లే. చీర మార్చుకో. తొమ్మిది గంటల బస్సున్నది."

"నువ్వు తీస్కపో మార్తా. నాతోని గాదు."

"ఆ కిటికీ కాడ ఏమడగాలెనో నాకు తెల్వదు. ఎప్పుడు బావనే అడిగెటోడు." మార్త లోపలికొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "నేను ఆనాడు అనరాని మాటన్న. ఆయన ఒక్కసారి గూడ తిరిగి అనలే. పదకొండేండ్లు నా బిడ్డను తిప్పిండు. నేను ఆ మాట వాపసు తీసుకోకముందే పోయిండు అక్కా."

సుకుమారి ఆమె ముఖంలోకి చూసింది. లేచి ముఖం కడుక్కుంది.

ముగ్గురూ బస్సులో ఒకే సీటులో ఇరుక్కుని కూర్చున్నారు. రూతు మధ్యలో. ఆసుపత్రిలో డాక్టరు నరసరాజు వాళ్ల వెనక తలుపు వైపు చూశాడు, ఇంకొకరు రావాలన్నట్టు. సుకుమారి చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"పదమూడున్నర ఏళ్లు" అన్నాడు. "ఆ రోజు వచ్చినప్పుడు ఆ రాత్రి గడుస్తుందని కూడా నేను అనుకోలేదమ్మా."

రూతు చొక్కా చెయ్యి పైకి మడిచి, అడగకముందే మోచెయ్యి చాపింది. రక్తం తీసేటప్పుడు అటు తిరగలేదు. సాయంత్రానికి కాగితం వచ్చింది. నూట తొంభై. ఆ అంకె మంచిదో చెడ్డదో మార్తకు తెలియలేదు. సుకుమారికి తెలుసు. ఆమె కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి మార్త చేతిలో పెట్టి, "మంచిగున్నది" అంది. అని ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని, ఈ మాట ఇంటికి పోయి చెప్పవలసిన మనిషి లేడని గుర్తొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మార్త పక్కన కూర్చుంది. బస్సుకు ఇంకా గంట టైముంది.